పత్తి గింజ ఓటు

మాస్టారు పోయారని నాకు చెప్పింది, ఏళ్ళ తరబడి ఆయనతో తగాదా పడుతూ వచ్చిన మనిషే. మా బడి ప్రహరీ పక్కన చేను ఉన్న మిరప రైతు. ఏటా కోతలు మొదలవగానే కాయ తెచ్చి మా బాస్కెట్‌బాల్ కోర్టు మీద ఆరబోస్తాడు. ఏటా మాస్టారు వెళ్ళి కేకలేస్తారు. చివరికి సగం కోర్టు ఆటకి, సగం కాయకి అని రాజీ పడతారు. ఆ రోజు నేను పిల్లల్ని సెలక్షన్లకి తీసుకుని ఒంగోలులో ఉన్నాను. ఫోన్ మోగింది.

"అమ్మాయ్, మాస్టారు పోయారమ్మా. పొద్దున్నే, గుంటూరు ఆసుపత్రిలోనే. బండిలో తీసుకొస్తన్నారంట. నువ్వు కంగారు పడమాక, నిదానంగా రా. నేను కాయ ఎత్తించేస్తన్నా. కోర్టు మొత్తం ఖాళీ చేసి పెడతా. ఆయన్ని కాసేపు అక్కడ ఉంచకపోతే ఎట్టా?"

నేను చేరేసరికి కూలి ఆడవాళ్ళు కాయని గీతల బయటికి నెట్టేసి కుప్పలు పోశారు. సగం ఎండిన కాయని కుప్ప పోస్తే రంగు పోతుంది, తెల్లబారిన తాలు కాయ పెరుగుతుంది. అది తెలిసీ పోయించాడు. నడిమి వలయంలో బల్ల వేసి మాస్టారిని పడుకోబెట్టారు. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు గానీ నాలుగు మాటలకోసారి దగ్గు. అప్పుడే ఎత్తిన కాయ ఘాటు ఊరికే పోదు కదా. అందరి కళ్ళూ కారుతున్నాయి. మాస్టారి భార్య, మేము అమ్మగారు అని పిలిచే ఆవిడ, చుట్టూ చూసి మెల్లగా, "ఆయన లేచుంటే కళ్ళు నలపొద్దని అందర్నీ తిట్టేవారు," అన్నారు. అప్పటిదాకా ఆపుకున్న నేను ఆ మాటతో ఏడ్చేశాను.

కళ్ళు నలపొద్దు. మా కోర్టు మీద మాస్టారు అన్నిటికన్నా ఎక్కువసార్లు అన్న మాట అదే. పాస్ ఇయ్యి, చెయ్యెత్తు, వెనక్కి చూడు, ఇవన్నీ తర్వాత. మిరప ఎత్తాక నెల దాకా బంతి నేలకి కొట్టినప్పుడల్లా ఎర్రటి దుమ్ము లేచేది. ఆ బంతి పట్టుకున్న చేత్తో కన్ను తుడుచుకున్నామా, ఇక ఆ రోజు ఆట అయిపోయినట్టే. వేసవి టోర్నమెంటుకి వారం ముందు నుంచీ ఆయన బిందెలతో నీళ్ళు పోయించి కొబ్బరి చీపురుతో కోర్టంతా కడిగించేవారు. అయినా బయటి ఊళ్ళ జట్లవాళ్ళు వచ్చి తుమ్మేవాళ్ళు. కొత్తపట్నం పిల్లలైతే బస్సు దిగుతూనే తువ్వాళ్ళు తడిపి మెడకి చుట్టుకునేవాళ్ళు.

ఆయన మా హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. పర్చూరు వైపు ఒక పల్లె బడి అది. పొట్టి మనిషి, బాస్కెట్‌బాల్‌కి బొత్తిగా పనికిరాని ఎత్తు. ఆ మాట ఆయనే అనుకుని నవ్వేవారు. మిషన్ బోర్డింగులో చదువుకునేటప్పుడు, సొంత దేశం వెళ్ళిపోతున్న ఒక దొరగారు పాత ఆటల పత్రికల కట్ట ఒకటి వదిలేసి వెళ్ళారట. వంటశాల వాళ్ళు పొయ్యిలోకి వాడుకోగా మిగిలినవి ఈయన దాచుకున్నారు. ఇంగ్లీషు వాటితోనే నేర్చుకున్నారు. అందుకే ఆయన ఇంగ్లీషులో ఆట మాటలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన అధికారితో కూడా ఆ నాలుగు మాటలతోనే నెట్టుకొచ్చేవారు.

సాయంత్రం ఆట అయ్యాక మమ్మల్ని గోడ నీడన కూర్చోబెట్టి, అమెరికాలో డబ్బు తీసుకుని ఆడే పెద్ద లీగు కథలు చెప్పేవారు. ఆటగాళ్ళ కథలు కాదు. ఒకే ఒక్క అవార్డు కథ. ఏడాది మొత్తంలో అందరికన్నా విలువైన ఆటగాడు అని ఒకణ్ణి ఎంచి ఇచ్చే అవార్డు. దాని చరిత్ర ఆయనకి మా తాతలకి మా పొలం సరిహద్దులు తెలిసినట్టు తెలుసు.

"మొదట్లో దాన్ని ఎవరు ఇచ్చేవాళ్ళో తెలుసా?"

మాకేం తెలుసు. సర్పంచి లాంటి వాళ్ళెవరో ఇచ్చి ఉంటారనుకున్నాం.

"ఆడేవాళ్ళే. లీగులో ఆటగాళ్ళంతా ఓటేసేవాళ్ళు. కానీ ఒక షరతు ఉంది. తన జట్టు వాడికి తను వెయ్యకూడదు. ఎదుటి జట్లలో ఎవరో ఒకరికి వెయ్యాలి."

ఆ షరతు చెప్పేటప్పుడు ఆయన గొంతు మారేది. ఎవరో ఇంట్లోవాళ్ళ గొప్ప చెబుతున్నట్టు ఉండేది. ఆ తర్వాత యాభై పాయింట్ల కథ వచ్చేది. ఒక ఏడు ఒక పొడుగాటి మనిషి సీజన్ పొడుగునా మ్యాచికి సగటున యాభై పాయింట్లు కొట్టాడు. అదే ఏడు ఇంకొకాయన పాయింట్లు, రీబౌండ్లు, పక్కవాడికి అందించిన బుట్టలు, మూడింట్లోనూ సగటు పదికి తగ్గకుండా ఆడాడు. అవార్డు వీళ్ళిద్దరికీ రాలేదు. మూడో మనిషికి వచ్చింది. ఆయన ముఖ్యమైన పని ఎదుటివాణ్ణి ఆపడం.

నేను ఊరుకోలేకపోయాను. నాకు బుట్టలెయ్యడం తప్ప ఇంకేమీ నచ్చని వయసది. "యాభై కొట్టినాయనకి ఇవ్వకపోవడం అన్యాయం కదా సార్?"

"నువ్వు చూసేదానివైతే అన్యాయమే. ఆడేదానివైతే కాదు. బుట్టలో పడ్డ బంతి అందరికీ కనపడిద్ది. పడకుండా ఆపిన చెయ్యి ఎవరికి తెలిసిద్ది? దెబ్బ తిన్నోడికి తెలిసిద్ది. ఓటేసింది వాళ్ళమ్మా."

ఆ కథని ఆయన కథలాగా వదిలెయ్యలేదు. మా చుట్టుపక్కల ఊళ్ళ బడులని పిలిచి వేసవి టోర్నమెంటు మొదలుపెట్టినప్పుడు, ఉత్తమ క్రీడాకారుణ్ణి ఎన్నుకోవడం అదే పద్ధతిలో పెట్టారు. ఫైనల్ అయ్యాక రెండు జట్లవాళ్ళూ ఓటేస్తారు, ఎవరూ సొంత జట్టుకి వెయ్యరు. కాగితాలు ఇస్తే చేతిరాత గుర్తుపడతారని, కుమ్మరి చేత మూతి సన్నగా ఉండే చిన్న ముంతలు చేయించారు. మా జట్టు ముంతలకి ఎర్రజాజు పట్టీ, వచ్చిన జట్టుకి సున్నం పట్టీ. ఒక్కో ముంత మీద ఒక్కో జెర్సీ నంబరు. అన్నీ తరగతి గదిలో బల్ల మీద వరసగా పెట్టి తలుపు దగ్గరగా వేస్తారు. ఒక్కొక్కరే చేతిలో ఒక గింజ పట్టుకుని లోపలికి వెళ్ళి వేసి రావాలి.

మొదటి ఏడు చింతగింజలు ఇచ్చారు. మిగతావాళ్ళంతా తలుపు బయట నిశ్శబ్దంగా నిలబడ్డారు. లోపల గింజ ముంతలో పడితే టంగుమని మోగుతోంది. చివర ముంత మోతకీ, నడిమి ముంత మోతకీ తేడా ఉంది. మూడో మనిషి బయటికొచ్చేసరికే ఎవరు ఎవరికి వేశారో అందరికీ తెలిసిపోయింది. ఇద్దరు మగపిల్లలు అక్కడే చొక్కాలు పట్టుకున్నారు. మాస్టారు తల పట్టుకు కూర్చున్నారు. మర్నాడు సైకిల్ వేసుకుని జిన్నింగు మిల్లుకి వెళ్ళి ఒక సీసాడు పత్తి గింజలు తెచ్చుకున్నారు. దూది తీశాక కూడా గింజకి సన్నటి నూగు మిగులుతుంది. ఆ నూగు వల్ల ముంతలో పడ్డా చప్పుడు రాదు. కావాలంటే చెవి ఆనించి వినమని మా అందరి చేతా పరీక్ష చేయించారు. ఏమీ వినిపించలేదు. ఆయన చొక్కా జేబులో ఆ తర్వాత ఎప్పుడూ నాలుగు పత్తి గింజలు ఉండేవి. బట్టలు ఉతికేటప్పుడల్లా వాటితో వేగలేకపోతున్నానని అమ్మగారు విసుక్కునేవారు.

దానికి తోడు ఇంకో నియమం. ఎవరికి వేశావని ఎవరూ అడగకూడదు, వేసినవాళ్ళు చెప్పకూడదు. అమ్మానాన్నలకి కూడా. ఓట్లు మాస్టారే గుమ్మరించి లెక్కపెట్టేవారు. గెలిచినవాళ్ళకి ఇచ్చేది కూడా పెద్దదేమీ కాదు, గోడ మీద సున్నంతో పేరు రాసేవారు. మర్నాటి వానకో, ఎండకో అది పోయేది. అయినా దాని కోసం మేము ప్రాణం పెట్టి ఆడేవాళ్ళం. వేటపాలెం నుంచి వచ్చే ఆడపిల్లలు, సెలవుల్లో జీడిపప్పు వలిచి వేళ్ళు నల్లబడ్డవాళ్ళు, మన పేరు గోడకెక్కితే ఫొటో తీసుకోవచ్చని కెమెరా అరువు తెచ్చుకునేవాళ్ళు.

ఆ పద్ధతి పోయిన ఏడు నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే ఆ ఏడు అవార్డు వచ్చింది నాకే.

మా ఊరి దగ్గర మిరపకాయల కోల్డ్ స్టోరేజీ కట్టిన ఆసామి ఒకాయన కోర్టుకి కొత్త సిమెంటు వేయించారు, కొత్త బోర్డులు పెట్టించారు, జట్లకి భోజనాలు పెడతానన్నారు. వాళ్ళ నాన్నగారి పేరు మీద మోకాలెత్తు వెండిరంగు కప్పు తెచ్చారు. అన్నిటికన్నా పెద్ద సంగతి, మా టోర్నమెంటులో ఉత్తమ క్రీడాకారిణికి స్పోర్ట్స్ హాస్టల్లో ఒక సీటు ఇచ్చేలా మాట తెచ్చారు. చెడ్డ మనిషి కాదు. ఆయన అడిగింది ఒక్కటే. ముంతలూ గింజలూ తీసేసి, పెద్దమనుషులు నలుగురు కుర్చీలేసుకుని చూసి నిర్ణయిద్దాం అన్నారు.

మాస్టారు ఒప్పుకోలేదు. ఆడినవాళ్ళే చెప్పాలన్నారు. దానికి ఆసామి నవ్వి, "మాస్టారూ, మీరే కదండీ పిల్లలకి చెప్పేది. అమెరికాలో కూడా ఇప్పుడు ఆటగాళ్ళు ఓటెయ్యటం లేదు, విలేకరులే ఎన్నుకుంటన్నారని? మా అబ్బాయి వచ్చి చెప్పాడు. వాళ్ళే మార్చుకున్నాక మనకెందుకండీ పాత పద్ధతి?" అన్నారు.

అది నిజమే. మాస్టారు చరిత్ర చెప్పేటప్పుడు అబద్ధం చెప్పేవారు కాదు. కొన్నేళ్ళ తర్వాత ఆటగాళ్ళ చేతిలోంచి ఓటు తీసి పత్రికలవాళ్ళకీ, వ్యాఖ్యాతలకీ ఇచ్చారని కూడా మాకు చెప్పారు. తను చెప్పిన నిజమే తనకి అడ్డంగా వచ్చి నిలబడింది. నేను అక్కడే బంతులు సర్దుతున్నాను. మాస్టారు జేబులో చెయ్యి పెట్టి గింజలు తడుముకుంటూ, "సరేనండి, ఈ ఏటికి చూద్దాం," అన్నారు.

ఫైనల్ మాకూ కొత్తపట్నానికీ పడింది. వాళ్ళ ఏడో నంబరు అమ్మాయి నన్ను కాపలా కాసింది. పేరు రాయను, కోర్టు మీద మేమంతా ఏడో నంబరనే పిలిచేవాళ్ళం. సన్నగా, నల్లగా, నాకన్నా ఒక బెత్తెడు తక్కువ ఎత్తు. నేను ఎటు తిరిగితే అటు ముందే వచ్చి నిలబడి ఉండేది. బంతి నా చేతికి రావడమే గగనమైపోయింది. ఒకసారి విసుగొచ్చి, "ఏందే నీ గోల, కాస్త ఊపిరి తీసుకోనియ్యవా?" అన్నాను. "బంతి అటిచ్చేసి తీసుకో," అంది. ఆట ఆఖర్లో ఆ అమ్మాయికి అయిదో ఫౌల్ పడి బయటికి వెళ్ళిపోయింది. అప్పుడు నాకు కోర్టు ఖాళీ అయింది. వరసబెట్టి బుట్టలేశాను, మేము గెలిచాం. షామియానా కింద కూర్చున్న పెద్దమనుషులు చూసింది ఆ బుట్టల్నే. కప్పు నాకు ఇచ్చారు.

ఆ రోజు నాకు సంతోషమే వేసింది. పదిహేనేళ్ళ పిల్లకి మోకాలెత్తు కప్పు చేతికొస్తే ఇంకేం తెలుస్తుంది? కప్పు పట్టుకుని మాస్టారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, "బాగా చదువుకో, బాగా ఆడు," అన్నారు. చూపు మాత్రం నా మీద లేదు. బస్సు దగ్గర తడి తువ్వాలు పిండుకుంటున్న కొత్తపట్నం పిల్లల వైపు ఉంది.

నేను హాస్టల్‌కి వెళ్ళాను. ఆ సీటు వల్లే చదువు, ఆ చదువు వల్లే ఉద్యోగం. ఇప్పుడు మాస్టారు రిటైరయిన బడిలోనే పీఈటీగా ఆయన విజిల్ నేను ఊదుతున్నాను. ఏడో నంబరు ఆ మరుసటి ఏడు టోర్నమెంటుకి రాలేదు. బడి మానిపించి రొయ్యల చెరువుల దగ్గర పనికి పంపారని వాళ్ళ జట్టు పిల్లలు చెప్పారు. నేను తప్పు చేశానని అనుకోను. పెద్దవాళ్ళు ఇచ్చారు, చిన్నదాన్ని తీసుకున్నాను. అయినా జీతం చేతికొచ్చిన మొదటి రోజు నుంచీ ఒక ప్రశ్న నా వెనకే తిరుగుతోంది. ఆ రోజు ముంతలు ఉండి ఉంటే, మా జట్టు ముంతల్లో నా నంబరు దాంట్లో ఆ అమ్మాయి గింజ పడేదా? నాకు కావలసింది ఆ ఒక్క గింజే. అది పడి ఉంటే ఈ ఉద్యోగం నాదే అనుకుని నిద్రపోగలను.

ఈ ఏటికి చూద్దాం అన్నది ప్రతి ఏటికీ అయిపోయింది. సిమెంటు వేయించినాయన దగ్గరికి వెళ్ళి ముంతలు మళ్ళీ పెడతానని చెప్పడం మాస్టారికి చేతకాలేదు. స్మృతి వ్యాసంలో రాయకూడదేమో గానీ, నాకు ఆయన మీద ఆ కోపం ఇప్పటికీ ఉంది. మిరప రైతుతో ఏటా పోట్లాడిన మనిషి, దీనికోసం ఒక్కసారి గొంతెత్తలేకపోయారు. అవార్డు కథ చెప్పడం కూడా తగ్గిపోయింది. రిటైరయ్యాక కూడా సాయంత్రాలు కోర్టుకి వచ్చేవారు. నేను పీఈటీగా వచ్చాక పిల్లలు బతిమాలితే చెప్పేవారు, కానీ ఆటగాళ్ళ ఓటు దగ్గరికి వచ్చేసరికి ఆపేసేవారు. "తర్వాత ఏమైంది సార్?" అంటే, "తర్వాత మారింది," అని లేచి నెట్ సరిచెయ్యడానికి వెళ్ళిపోయేవారు.

ముసలితనంలో ఫోన్‌లో వార్తలు చూడటం అలవాటయింది. అక్కడ ఆ అవార్డుకి ఏం జరిగినా నాకు చెప్పేవారు. ఒకే ఒక్కసారి ఓటేసిన వాళ్ళంతా ఒకే మనిషి పేరు రాశారని చెప్పారు. మధ్యలో కొన్నేళ్ళు అభిమానులందరికీ కలిపి ఒక ఓటు ఇచ్చారట. ఈమధ్య, సీజన్‌లో ఇన్ని మ్యాచులకి తగ్గకుండా ఆడితేనే ఆ అవార్డుకి లెక్కలోకి తీసుకుంటామని నియమం పెట్టారని విని, "హాజరు పట్టీ వాళ్ళక్కూడా వచ్చిందమ్మాయ్," అని నవ్వారు. లీగు మొదటి అధికారి పేరు మీద ఉన్న ట్రోఫీకి ఆ పేరు మార్చి గొప్ప ఆటగాడి పేరు పెట్టారని చెప్పిన రోజున మాత్రం నవ్వలేదు. "పేరు మార్చారు. ఓటు మాత్రం తిరిగి ఇవ్వలేదు," అన్నారు.

ఆసుపత్రిలో ఆఖరిసారి చూడటానికి వెళ్ళినప్పుడు ఆయనకి మాట్లాడితే ఆయాసం వస్తోంది. అమ్మగారు కాఫీ తాగి వస్తానని కిందికి వెళ్ళారు. మేమిద్దరమే ఉన్నాం. ఆయన ఫ్యాను వైపు చూస్తూ, "కొత్తపట్నం ఏడో నంబరు గుర్తుందా?" అన్నారు.

"ఉంది సార్."

"ఆ ఏడు మీరు ఓటెయ్యలేదు. నేను వెయ్యనియ్యలేదు."

ఇన్నేళ్ళలో ఆ సంగతి ఆయన నోటి వెంట రావడం అదే మొదలు. వంగి, "సార్, వేసుంటే నేను ఎవరికి..." అన్నాను. సెలైన్ సూది ఉన్న చెయ్యి అతికష్టం మీద పైకెత్తి నన్ను ఆపారు.

"చెప్పొద్దమ్మా. అది నీది."

"మీకు తెలిస్తే మంచిది కదండీ సార్."

"తెలుసుకునే హక్కు నాకు లేదు. ఉంచుకో." ఆయాసం తీర్చుకుని, "ఆ ముంతలు స్టోరు రూములో పైన ఉన్నాయి. ఎలకలు కొట్టకుండా చూడు," అన్నారు. అంతలో అమ్మగారు వచ్చారు, మాట కాఫీ మీదికి మళ్ళింది. అదే మా ఆఖరి మాట. చెప్పనిచ్చి ఉంటే ఆయన మనసు కొంత తేలికపడేదేమో అని నాకిప్పటికీ బాధ. ఆయన మొండితనానికి దండం పెట్టాలో, తిట్టుకోవాలో తేల్చుకోలేకపోతున్నాను.

జ్ఞాపకార్థ కూడిక కూడా కోర్టు మీదే పెట్టారు. రైతు కాయని ఈసారి పూర్తిగా తన చేలోకే మార్చుకున్నాడు. కోల్డ్ స్టోరేజీ ఆసామి పోయి చాలా కాలమైంది, వాళ్ళ అబ్బాయి వచ్చాడు. మైకు తీసుకుని మాస్టారి గురించి మంచి మాటలే చెప్పాడు. దిగి వచ్చి నాతో, "మేడమ్, ఈ ఏడు నుంచి కప్పుకి మాస్టారి పేరు పెడదామనుకుంటన్నాం. అమెరికాలో కూడా పేరు మార్చారంట కదా. మా నాయనమ్మ కూడా సరేనంది," అన్నాడు.

"పేరు మీ తాతగారిదే ఉండనివ్వండి బాబూ. ఎవరు ఎన్నుకోవాలన్నదే మాకు ముఖ్యం. పిల్లల చేత ఓటు వేయించండి."

"గింజలతోనా మేడమ్?"

"గింజలతోనే."

అతను నవ్వలేదు, కాదనీ అనలేదు. "పెద్దవాళ్ళతో మాట్లాడి చెప్తానండీ," అన్నాడు. ఇది రాస్తున్న నాటికి ఇంకా చెప్పలేదు. మాస్టారి పేరున్న కప్పుని కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఎవరికో ఇచ్చే రోజు వస్తుందేమోనని నాకు భయంగానే ఉంది. ఈసారి ఊరుకోనని మాత్రం అమ్మగారికి మాటిచ్చాను.

భోజనాల దగ్గర వెనక వరసలో ఒకావిడ నన్నే చూస్తోంది. నేను గుర్తుపట్టేలోపే తను లేచి వచ్చింది. చేతిలో ఒంగోలులో బస్సు మారినప్పటి టికెట్టు ఇంకా నలుగుతోంది. ఒళ్ళు వచ్చింది, జుట్టు కొంచెం నెరిసింది. నిలబడిన తీరు మాత్రం మారలేదు, నేను పక్కకి జరిగితే అటే ముందు జరిగేటట్టు ఉంది.

"మాస్టారు మా ఇంటికొచ్చారు, తెలుసా నీకు?" అంది, పలకరింపులేమీ లేకుండా. "ఆ ఏడే. బడి మాన్పించొద్దని మా నాయన్ని అడగటానికి. మా నాయన లోపల కూర్చుని లేనని చెప్పించాడు. ఎండలో ఇసకలో చానాసేపు నిలబడి ఎళ్ళిపోయారు పాపం. మళ్ళీ ఇంకోసారి వచ్చారు. అప్పుడూ అంతే."

ఆ కప్పు తెచ్చి ఇచ్చెయ్యాలని ఎన్నోసార్లు అనుకున్నానని చెప్పబోయాను. ఆవిడ చెయ్యి అడ్డం ఊపింది.

"అదేం చేసుకోను? పెట్టుకోడానికి జాగా కూడా లేదు. ముంతలున్నయ్యా?"

స్టోరు రూము తాళం నా దగ్గరే ఉంది. పై అరలో గోనె పట్టా కింద ముంతలు అన్నీ ఉన్నాయి, రెంటికి మాత్రం అంచు విరిగింది. గింజల సీసా మూత బిగుసుకుపోతే ఆవిడే తిప్పి తీసింది. ముంతలు తుడిచి బల్ల మీద పెట్టాం. జాజు పట్టీవి ఒక వైపు, సున్నం పట్టీవి ఒక వైపు. నంబర్లు వెలిసిపోయాయి గానీ చదవొచ్చు. నేను ముందు వేశాను. ఆవిడ తలుపు బయట కోర్టు వైపు తిరిగి నిలబడింది. తర్వాత నేను బయటికొచ్చి నిలబడ్డాను, ఆవిడ లోపలికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. ఆలోపు నేను ఎన్ని అనుకున్నానో చెప్పలేను. కోర్టు మీద కూలి ఆడవాళ్ళు కుర్చీలు ఎత్తి ఒకదాని మీద ఒకటి పెడుతున్నారు.

బయటికి వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుని, "బస్సుకి టైమయింది. ఎల్లొస్తా," అంది. నేను అడగలేదు. ఆవిడా అడగలేదు. రోడ్డు దాకా సాగనంపి వచ్చాను. నేను ఎందులో వేశానో ఇక్కడ రాయను. మాస్టారు ఒప్పుకోరు.

ముంతలు గుమ్మరించి చూడాల్సింది మాస్టారే. ఆయన లేరు కాబట్టి అవి అట్లాగే బల్ల మీద ఉన్నాయి. పొద్దున్నే బంతుల కోసం గది తాళం తీసినప్పుడు, పిల్లలు ఇంకా రాకపోతే, నా నంబరున్న ముంత చేతిలోకి తీసుకుంటాను. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపుతాను. పత్తి గింజ కదా, ఉన్నా వినపడదు. మళ్ళీ దాని చోట దాన్ని పెట్టేసి, బంతి తీసుకుని బయటికి వస్తాను.